సూర్యుని గాలి - మన పొలము గట్టు



2024వ సంవత్సరము మే నెల 10, 11 తేదీలలో అమెరికా దేశపు మధ్య రాష్ట్రములందు మొక్కజొన్న విత్తు పని ముమ్మరముగా సాగుచుండెను. అచ్చటి పెద్ద రైతులలో అనేకులు విత్తునపుడు ట్రాక్టరు చక్రమును చేతితో త్రిప్పరు. ఆకాశమున తిరుగు ఉపగ్రహముల సంకేతముల నందుకొని యంత్రమే తన దారిని సెంటీమీటర్ల లెక్కన సరిచూచుకొని సాళ్లు తీయుచుండును. ఆ రెండు దినములందు అనేక పొలములలో ట్రాక్టర్లు సాలు తప్పినవి. కొందరు రైతులు పని నిలిపి, సంకేతములు కుదుటబడువరకు వేచియుండిరి. ఆగక విత్తినవారికి మరియొక చిక్కు వచ్చిపడినది. తప్పు లెక్కతో తీసిన సాలు, తరువాత అంతరకృషికి పోయినపుడు, సరియైన లెక్కతో పోవు యంత్రమునకు దొరకదు గదా! ఈ సంగతిని యంత్రములు విక్రయించువారే రైతులకు తెలిపి హెచ్చరించిరి.

దీనికి వాన కారణము కాదు. గాలి కారణము కాదు. దోషము ట్రాక్టరులో లేదు, ఉపగ్రహములోను లేదు. ఆ రెంటి నడుమ, మనము శూన్యమని తలచు ఆకాశములో ఉన్నది. ఆ ఆకాశమును గూర్చియే నేడు మేము ముచ్చటింపదలచినాము.

అమెరికా ట్రాక్టరుతో మనకేమి పని యని మీరు అడుగవచ్చును. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరున భూముల సమగ్ర పునఃసర్వే మొదలైనది. గొలుసుతో భూమి కొలిచిన కాలము మన పెద్దలకు జ్ఞాపకమే. ఈ సర్వేలో పొలము మూలల స్థానమును ఒక కర్రపై నిలిపిన పరికరముతో, రోవరుతో, నిర్ణయించుచున్నారు. ఆ రోవరు వినునది ఉపగ్రహముల మాటనే. పైరుపై మందు చల్లు డ్రోను దారి చూచుకొనునదియు, సముద్రముపై పోయిన జాలరి తన పడవ ఎచ్చటనున్నదో తెలిసికొనునదియు ఆ మాట వలననే. ఇరువది వేల కిలోమీటర్ల యెత్తునుండి వచ్చు ఆ మాట మధ్యదారిలో చెదరినచో మన గట్టు లెక్కయు చెదరును. కావున అమెరికా రైతు కష్టము మనకు పరాయిది కాదు.

ఇంతకు ఆ మధ్యదారిలో ఏమున్నది? గాలి కొంత యెత్తు వరకే గలదు. దానిపైన ఉన్నది ప్లాస్మా. పేరు క్రొత్తదిగా తోచినను వస్తువు క్రొత్తది కాదు. మంచుగడ్డను వేడిచేసిన నీరగును, నీటిని వేడిచేసిన ఆవిరి యగును. ఏ వాయువునైనను ఇంకను మిక్కుటముగా వేడిచేసినచో దాని పరమాణువులే చీలును. ఋణ విద్యుత్తు గల ఎలక్ట్రానులు ఒకవైపు, ధన విద్యుత్తు గల అయానులు ఒకవైపు విడిపడి, అన్నియు కలగలసి తిరుగుచుండును. అదియే ప్లాస్మా. పదార్థమునకు ఇది నాలుగవ దశ. వెల్డింగు దుకాణములో కన్ను చెదరగొట్టు నిప్పుమొన ప్లాస్మా. మెరుపు ప్లాస్మా. ట్యూబులైటులో వెలుగునది ప్లాస్మా. ఒక్క వేడియే కాదు, విద్యుత్తు గాని, సూర్యుని తీక్ష్ణకిరణములు గాని పరమాణువును చీల్చగలవు. 1928లో అమెరికా శాస్త్రజ్ఞుడు ఇర్వింగ్ లాంగ్మ్యూర్ దీనికి ఆ పేరు పెట్టెను.

ఎంత వేడిలో, ఎంత ఒత్తిడిలో వాయువు ఎంతపాలు చీలునో లెక్కగట్టు సూత్రమును 1920లో లోకమునకు ఇచ్చినవాడు మన మేఘనాథ్ సాహా. ఢాకా సమీపమున ఒక పల్లెటూరిలో చిల్లర దుకాణదారుని యింట 1893లో పుట్టిన బాలుడతడు. నక్షత్రముల వెలుగును జూచి వాటి వేడిని చెప్పు విద్య ఆ సూత్రముపై నిలచినది.

ఇక సూర్యుని సంగతి. సూర్యుడు మొత్తము ప్లాస్మా ముద్దయే. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణము సంభవించినపుడు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ మన గుంటూరునకు వచ్చి దూరదర్శినిని నెలకొల్పెను. చంద్రుడు సూర్యబింబమును కప్పిన ఆ కొద్ది నిమిషములలో బింబపు అంచున లేచిన ఎఱ్ఱని మంటల వెలుగును ఆయన గాజుపట్టకముతో విడదీసి చూచి, అవి కాలుచున్న వాయువులని నిర్ధారించెను. ఆ వెలుగు గీతలు ఎంత ప్రకాశవంతముగా నున్నవనగా, గ్రహణము లేకున్నను వీటిని చూడవచ్చునని ఆయనకు తట్టినది. మరునాడే గుంటూరులో అట్లు చూచినాడు కూడ. సూర్యుని మంటలను గ్రహణమునకై వేచియుండక పరిశీలించు పద్ధతికి మన ఊరు జన్మస్థానమని మనలో ఎందరికి తెలియును?

సూర్యుని ఉపరితలపు వేడి సుమారు 5,500 డిగ్రీలు. దానిపైనున్న కిరీటము, గ్రహణ సమయమున వెండి జాలరువలె కనబడునది, పది లక్షల డిగ్రీలకు మించి కాగుచున్నది. పొయ్యికి దూరమైనకొలది వేడి తగ్గవలెను గదా, ఇచ్చట పెరుగుచున్నది! ఈ చిక్కుముడి ఇంకను పూర్తిగా విడలేదు. అంత వేడెక్కిన ప్లాస్మాను సూర్యుని ఆకర్షణ సయితము పట్టి నిలుపజాలదు. అది నలుదెసలకు ప్రవహించును. ఈ ప్రవాహమునకే సౌరపవనమని పేరు.

ఈ మాట నమ్మించుట తేలిక కాలేదు. తోకచుక్క ఎటు పోవుచున్నను దాని తోక సూర్యునికి పెడగా నుండును. గాలికి చేటతో తూర్పారబట్టునపుడు పొట్టు ఒకవైపునకే పోవునట్లు, తోకను సూర్యునినుండి ఏదో నెట్టుచున్నదని జర్మనీ శాస్త్రజ్ఞుడు బియర్మన్ 1951లో వ్రాసెను. అమెరికాలో యూజీన్ పార్కర్ అను యువకుడు లెక్కలు వేసి, ఆ గాలి సెకనుకు వందలాది కిలోమీటర్ల వేగమున వీచితీరవలెనని తేల్చెను. ఆ వ్యాసమును పరిశీలించిన పండితులిద్దరును అది ప్రచురణకు తగదనిరి. పత్రికా సంపాదకుడు సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్. ఆయనకును ఆ భావన రుచింపలేదు. కాని లెక్కలో తప్పు పట్టజాలనపుడు ఆపుట న్యాయము కాదని 1958లో ప్రకటించెను. నచ్చని మాటకు సయితము న్యాయము చేసిన ఆ సంపాదకుని మేము పార్కరుతో సమానముగా మెచ్చుకొందుము. 1959లో రష్యావారి లూనా నౌక, 1962లో అమెరికావారి మారినర్ నౌక ఆ గాలిని స్వయముగా కొలిచినవి. తన పేరు పెట్టిన నౌక 2018లో సూర్యునివైపు బయలుదేరుటను పార్కరు కన్నులార చూచి, 2022లో కాలధర్మము నొందెను. ఆ నౌక 2024 డిసెంబరు 24న సూర్యునికి 61 లక్షల కిలోమీటర్ల చేరువకు పోయి వచ్చినది.

ఈ గాలి మన పైరగాలి వంటిది కాదు. మన చుట్టునున్న గాలిలో ఒక చిన్న పాచికయంత చోటున కోటానుకోట్ల అణువులున్నవి. భూమి సమీపమున సౌరపవనములో అంత చోటున అయిదారు కణములే యుండును. కాని వేగము సెకనుకు 400 కిలోమీటర్లు. సూర్యుని వెలుగు ఎనిమిది నిమిషములకు చేరగా ఈ గాలి నాలుగు దినములకు చేరును. సూర్యుని అయస్కాంత శక్తిని కూడ ఇది తనతో మోసికొని వచ్చుచున్నది. ఈ చివరి మాటను కొంచెము గుర్తుంచుకొనుడు, మరల దానితో పని గలదు.

ఇట్టి ప్రవాహమునకు ఎదురుగా భూమి ఎట్లు నిలచినది? భూమి పెద్ద అయస్కాంతము. దాని ప్రభావము సూర్యునివైపు సుమారు అరువది వేల కిలోమీటర్ల దూరము వ్యాపించి, చెరువునకు కట్టవలె అడ్డుగా నున్నది. కృష్ణలో వంతెన స్తంభమునకు తగిలిన నీరు రెండుపాయలై ప్రక్కలనుండి పోవునట్లు సౌరపవనము ఆ కట్టకు తగిలి తొలగిపోవును.

విద్యుత్తు గల కణమునకు అయస్కాంత బలరేఖలను అడ్డముగా దాటు స్వేచ్ఛ లేదు. గానుగెద్దువలె రేఖ చుట్టు తిరుగుచు, ఆ రేఖ వెంబడిగా జరుగును. ధ్రువముల దెసకు పోయినకొలది రేఖలు దగ్గరపడి బలము హెచ్చును. అచ్చట కణము తిరుగుముఖము పట్టును. ఇట్లు ఉత్తరమునుండి దక్షిణమునకు, దక్షిణమునుండి ఉత్తరమునకు, మగ్గములో నాడెవలె కొన్ని క్షణములలోనే పోయి వచ్చుచుండును. ఈ విధముగా చిక్కుపడిన కణములు భూమి చుట్టు రెండు వలయములుగా నిలచియున్నవి. 1958లో అమెరికావారు ఎక్స్‌ప్లోరర్ ఉపగ్రహములలో కణములను లెక్కించు పరికరము నుంచి పంపిరి. తక్కువ యెత్తున అది చక్కగా లెక్క చెప్పుచుండెను. ఎక్కువ యెత్తునకు పోగానే సున్న చూపుచుండెను. అచ్చట కణములు లేవా? కావు, పరికరము లెక్కింపలేనన్ని యుండి అది మూగపోయినది! ఆ సున్న వెనుకనున్న రహస్యమును గ్రహించిన జేమ్స్ వాన్ అలెన్ పేరనే ఆ వలయములకు పేరిడినారు. తుఫానుల చిత్రములు తీయు మన ఇన్సాట్ ఉపగ్రహములు 36,000 కిలోమీటర్ల యెత్తున, వెలుపలి వలయపు పొలిమేరలలోనే కాపురమున్నవి. ఆ కణములు లోనికి చొచ్చి వాటి సున్నితమైన భాగములను చెడగొట్టు ప్రమాదము నిత్యమును గలదు.

వీటికంటె ఎన్నో రెట్లు శక్తి గల కణములు నక్షత్రముల నడుమనుండి వచ్చుచున్నవి. 1912లో విక్టర్ హెస్ బెలూనులో 5,300 మీటర్ల యెత్తునకు ఎగిరి వీటి జాడ కనుగొనెను. వీటినే విశ్వకిరణము లందురు. అవి పై గాలిని గ్రుద్దగా పుట్టిన కణములు, మీరు ఈ మాటలు వినుచున్న సమయముననే, మీ అరచేతిగుండ సెకనుకు ఒకటి చొప్పున దూసికొని పోవుచున్నవి. భయపడవలదు. మన తలలపైనున్న గాలి పది మీటర్ల లోతు నీటితో సమానమైన కవచము. మానవజాతి ఆ కవచము క్రిందనే పుట్టి పెరిగినది. ఆకాశపు పై పొరలను పరిశీలించుటకు హైదరాబాదునందలి టాటా పరిశోధన సంస్థవారి కేంద్రమునుండి పెద్ద బెలూనులు ఎగురుచుండును. అవి దిగునపుడు పెట్టెలు పొలములలో పడుట గలదు. 2022 డిసెంబరులో ఒక విదేశీ సంస్థ పరీక్షార్థము పంపిన పెట్టె వికారాబాదు జిల్లాలో పొలములో దిగగా ఊరివారు వింతగా గుమిగూడిరి. అట్టివి కనబడినచో విప్పక, లాగక, పోలీసువారికి కబురు చేసిన చాలును. దానిలో ఎందరివో ఏండ్ల శ్రమ యుండును.

ఇప్పుడు గుర్తుంచుకొనుమన్న మాటకు వత్తము. సౌరపవనము మోసికొని వచ్చు అయస్కాంత బలము ఉత్తరముఖముగా నున్నంతకాలము మన కట్ట గట్టిగా నుండును. అది దక్షిణముఖమైనచో భూమి రేఖలు, ఆ రేఖలు ఒకదానితో నొకటి తెగి కలియును. చెరువుకట్టకు తూము ఎత్తినట్లే. ప్రవాహపు శక్తి లోపలికి దిగును. సూర్యునిపై మచ్చలు గల చోట అప్పుడప్పుడు ప్రేలుడు జరిగి కిరీటపు ప్లాస్మా పెద్ద మేఘముగా విసరబడుచుండును. ఆ మేఘము దక్షిణముఖ బలముతో వచ్చినచో అయస్కాంత తుఫాను పుట్టును. 2024 మే నెలలో జరిగినది ఇదియే. భూమికి సుమారు పదునైదు రెట్ల వెడల్పు గల మచ్చల గుంపునుండి ఒకదాని వెంట నొకటి మేఘములు వచ్చి పడినవి. 2003 తరువాత అంతటి తుఫాను లేదు. ధ్రువప్రాంతములందు కనబడవలసిన ఎఱ్ఱని కాంతిని ఆ రాత్రి మన లడఖులోని హాన్లే పరిశోధనశాలలో సయితము కెమెరాలు పట్టినవి.

ఇంతకంటె పెద్దది 1859 సెప్టెంబరులో వచ్చెను. టెలిగ్రాఫు తీగలలో దానంతటదియే విద్యుత్తు పారి, కొన్నిచోట్ల బ్యాటరీలు తీసివేసినను వార్తలు నడచినవి. బొంబాయి కొలాబా పరిశోధనశాలలోని అయస్కాంతపు సూది ఆనాటి అలజడిని నమోదు చేయగా, ఆ పుస్తకములను నేటికిని ప్రపంచ శాస్త్రజ్ఞులు తిరుగవేయుచున్నారు. 1989 మార్చి 13న కెనడాలోని క్యూబెక్ రాష్ట్రపు విద్యుత్ వ్యవస్థ నిమిషమున్నరలో కుప్పకూలి 60 లక్షల మంది తొమ్మిది గంటలు చీకటిలో గడపిరి. మన తీగలకును ఇట్లగునా? మనము ధ్రువములకు మిక్కిలి దూరమున నున్నాము. కావున ఆ తీరు ప్రమాదము మనకు తక్కువ. సూర్యతుఫాను వచ్చి లోకము మునుగునని అప్పుడప్పుడు బయలుదేరు పుకార్లను నమ్మవలసిన పనిలేదు.

మన చిక్కు వేరు. అది మన నెత్తిననే యున్నది. భూమిపై సుమారు ఎనుబది కిలోమీటర్లనుండి వేయి కిలోమీటర్ల వరకు సూర్యకిరణములు గాలిని చీల్చి ప్లాస్మా పొర నొకదానిని నిలిపినవి. దీనిని అయనావరణ మందురు. భూమికి భౌగోళిక మధ్యరేఖ యున్నట్లే అయస్కాంత మధ్యరేఖయు గలదు. అది దక్షిణ భారతపు కొనపై సాగును. 1963 నవంబరు 21న మన దేశములో మొదటి రాకెట్టును తిరువనంతపురము చెంత తుంబా అను జాలరుల పల్లెనుండి ఎగురవేయుటకు కారణము అదియే. ఆ రేఖపై పగటివేళ ప్లాస్మా ఫౌంటెనువలె పైకి లేచి, బలరేఖల వెంబడి రెండు ప్రక్కలకు జారి, ఉత్తరమున గుజరాతు, మధ్యప్రదేశ్ దెసలందు కుప్పపడును. మన తెలుగు నేలలు ఆ ఫౌంటెనుకును ఆ కుప్పకును నడుమ నున్నవి. ప్రొద్దుగ్రుంకిన పిమ్మట మరియొక వింత. అడుగుపొర పలుచనై, పైపొర చిక్కగా మిగులును. నూనెపై నీరు పోసినచో నూనె బొట్లుబొట్లుగా పైకి లేచునట్లు, పలుచని ప్లాస్మా బుడగలై పైకి లేచును. ఆ బుడగలలోనుండి వచ్చు ఉపగ్రహ సంకేతము నక్షత్రము మిణుకుమనినట్లు మిణుకుమనును, ఒక్కొక్కప్పుడు తెగిపోవును. మార్చి, ఏప్రిల్, సెప్టెంబరు, అక్టోబరు నెలల రాత్రులలో, సూర్యుని మచ్చలు హెచ్చిన సంవత్సరములలో ఇది అధికము. పదునొకండేండ్ల కొకసారి పెరిగి తరుగు ఆ మచ్చల ఉధృతి 2024లో శిఖరము చేరినది.

బుడగలు లేని పగటిపూట సయితము ఈ పొర సంకేతమును ఆలస్యము చేయుచునే యుండును. ఆ ఆలస్యము లెక్కలో పది, ఇరువది మీటర్ల తప్పుగా తేలవచ్చును. ఎకరము పొలము వెడల్పే సుమారు అరువది మీటర్లు! మరి రోవరు సెంటీమీటర్లలో ఎట్లు చెప్పగలుగుచున్నది? ఒక ఉపాయము, రెండు విధములైన రేడియో తరంగములను వినుట. బురదమడిని ఇద్దరు మనుష్యులు దాటుచున్నపుడు ఒకడు రెండవవానికంటె ఎంత వెనుకబడెనో చూచి బురద లోతు ఊహింపవచ్చును గదా, అట్లే రెండు తరంగముల తేడానుబట్టి ప్లాస్మా ఎంత యున్నదో యంత్రము గ్రహించును. రెండవ ఉపాయము, స్థానము ముందే తెలిసిన స్థిరకేంద్రము. అది తన తప్పును క్షణక్షణము రోవరునకు తెలుపుచుండును, రోవరు ఆ తప్పును తన లెక్కనుండి తీసివైచును. స్థిరకేంద్రముపై ఆకాశమును, పొలముపై ఆకాశమును ఒకేతీరుగా నున్నంతవరకు ఇది బాగుగా నడచును. తుఫానునాడు ఇచ్చట నొకతీరు, అచ్చట నొకతీరుగా చెదరును. అమెరికా ట్రాక్టర్లు తప్పినది ఆ చోటనే.

అట్టి దినము ముందుగా తెలియుట ఎట్లు? 2023 సెప్టెంబరు 2న మన శ్రీహరికోటనుండి ఆదిత్య-ఎల్1 నౌక బయలుదేరి, 2024 జనవరి 6న భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరమున, సూర్యునివైపు, తన కక్ష్యలో కుదురుకొనెను. అందు ఏడు పరికరములున్నవి. కొన్ని సూర్యుని చూచుచుండగా, అహమ్మదాబాదు, తిరువనంతపురములలో తయారైన పరికరములు అచ్చటికి వచ్చు గాలినే పట్టి దాని కణముల వేగమును, శక్తిని కొలుచును. అయస్కాంత బలము ఉత్తరముఖమో దక్షిణముఖమో చూచు పరికరమును గలదు. తూము లేచునా లేదా యని తెలియునది దానివలననే. అమెరికావారి నౌకలును ఆ ప్రాంతముననే కాపలాయున్నవి. అచ్చట తగిలిన గాలి మనలను చేరుటకు సుమారు ఒక గంట పట్టును. తుఫానుగాలికి అరగంట చాలును. సూర్యునిపై మేఘము లేచుటను చూచి రెండుమూడు దినముల ముందే చెప్పవచ్చును గాని, దాని అయస్కాంత ముఖము ఏదో ఆ చివరి గంటలోనే తేలును.

గంట ఏమి చాలునని తీసిపారవేయరాదు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో పదివేలమందికి పైగా ప్రాణములు పోయినవి. ముందు మాట విలువ మన తీరపు ప్రజలకు ఒకరు చెప్పనక్కరలేదు. నేడు తుఫానును దినముల ముందు చూచి చెప్పునవి ఉపగ్రహములే. ఆ ఉపగ్రహములను కాపాడువారికి ఈ గంట ముందు మాట కావలెను. 2022 ఫిబ్రవరిలో అమెరికాలో ఒక సంస్థ 49 ఉపగ్రహములను ఎగురవేయగా, ఒక సాధారణ అయస్కాంత తుఫానుకే పైగాలి వేడెక్కి ఉబ్బి, ఆ అడ్డునకు తాళలేక సుమారు నలువది ఉపగ్రహములు రాలి దగ్ధమైనవి.

పొలము కొలుచునాడు రైతు చేయదగిన పని చిన్నది. రోవరు తెరమీద ఫిక్స్ అని కనబడినపుడే దాని లెక్క సెంటీమీటర్లలో నిలచినదని యర్థము. ఫ్లోట్ అని యున్నచో ఇంకను తేలియాడుచున్నదని యర్థము. ప్రక్కన నిలచి ఆ మాటను అడిగి చూచుటకు ప్రతి రైతునకు, రైతు స్త్రీకి హక్కు గలదు. సర్వేయరు కూడ దానికి నొచ్చుకొనడు. ఎంతసేపటికిని ఫిక్స్ రాకున్నను, వచ్చి మాటిమాటికి పోవుచున్నను చెట్ల నీడయో, ఫోను సంకేతము లేమియో ముందు చూడవలెను. అవి లేకున్నచో ఆ పూట ఆకాశమే బాగులేదని తలచి, పాత హద్దురాయి యొకదానిపై రోవరు నుంచి అంకెలు వ్రాయించుకొని, మరునాటి ఉదయము అదే రాతిపై మరల కొలిపించి, రెండు అంకెలను ప్రక్కప్రక్కన పెట్టి చూచుకొనవలెను.